పనిలేని దినమెవరిది?

పనిచేయువానికి ప్రతిఫలమిచ్చు పద్ధతులు మన సీమలో ముఖ్యముగా మూడు గలవు. ఏడాదికో నెలకో ఇంతయని నిర్ణయించి యిచ్చునది జీతము. ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకువరకు చేసిన పనికి దినమునకింతయని యిచ్చునది కూలి. ఇంత పనికి ఇంత సొమ్మని ముందుగా మాటాడుకొని, అది ఎన్ని దినములలో ముగిసినను, ఎందరు చేసినను యజమాని విచారింపని పద్ధతి గుత్త. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో అక్షరము రానివారు సైతము ఈ మూడింటి భేదమును చక్కగా నెరుగుదురు. జీతగాడు ఉగాదికి కుదిరి మరల ఉగాదికి లెక్క చూచుకొనును. కూలివాడు ఏనాటి గింజలు ఆనాడే తెచ్చుకొనును. గుత్తకు పనిచేయువాడు తన పారను, గడ్డపారను తానే మోసికొని వచ్చును.

ఇటీవల మా పాఠశాలలో చదివిన యువకుడొకడు ఇట్టి పద్ధతులలో ఏది మేలో చెప్పుడని మమ్మడుగ వచ్చెను. అతడు కంప్యూటరు విద్య నేర్చినవాడు. హైదరాబాదులోని యొక కంపెనీ అతనిని రెండు విధముల పిలిచినది. నెలకు 50,000 రూపాయల జీతముపై ఉద్యోగిగా చేరవచ్చును. లేదా నెలకు 65,000 రూపాయల లెక్కన కాంట్రాక్టుపై తన యింటనుండియే పనిచేయవచ్చును. రెండవదానిలో సెలవులు లేవు, ప్రావిడెంటు ఫండు లేదు, పని లేని నెలకు సొమ్మును లేదు. అంకెలను మాత్రమే చూచినచో రెండవదే పెద్ద. కాని అతని తండ్రి పలకల పనిలో బ్రతుకు గడిపినవాడు. ఆయన కుమారునితో వచ్చి, మా మాటలు ముగియువరకు గోడకానుకొని కూర్చుండి, లేచునపుడొక్క మాట యనెను: "లెక్కపని చేసేవాడికి జొరమొచ్చిన దినం గూడా అప్పే, అయ్యవారూ."

మేము ఆనాడేమియు చెప్పలేకపోతిమి. వారు వెడలిన పిమ్మట ఈ ప్రశ్న మమ్ము విడువలేదు. జీతమా గుత్తయా యను విచారము నేడు పుట్టినది కాదు. మన ప్రాంతపు చెరువులు, కరవులు, పలకల గనులు దీనినే మరల మరల మన ముందుంచినవి. ఆ చరిత్రను తరచి చూడగా మాకు తోచినది యిది: పద్ధతి పేరునుబట్టి గాని, చేతికి వచ్చు సొమ్మునుబట్టి గాని మేలు కీడులు తేలవు. పనిలేని దినము ఎవరి లెక్కలో పడునో దానినిబట్టి తేలును. ఈ మాటకు ఆధారములను క్రమముగా చూపుదుము.

మొదట శాస్త్రము చెప్పినదేమో చూతము. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ముద్రింపించుటచే లోకమునకు మరల దొరకిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, ధర్మస్థీయమను మూడవ అధికరణములో కర్మకరులనుగూర్చిన విధులు గలవు. కూలి ముందుగా మాటాడుకొనవలెను. మాటాడుకొననిచో సేద్యము చేసినవానికి పంటలో, పసులను కాచినవానికి నేతిలో, వర్తకుని యొద్ద పనిచేసినవానికి అమ్మకములో పదవవంతు చెందును. ఇంతవరకు అందరెరిగినదే. ఆ పిమ్మట వచ్చు చర్చ మరింత విలువైనది. పనివాడు పనికి సిద్ధమై వచ్చినాడు. యజమాని పని చూపలేదు. ఆ దినపు కూలి యెవరిది? పూర్వాచార్యులు, వచ్చి నిలిచినవానికి పని చూపకున్నను పని చేసినట్లే లెక్కింపవలెననిరి. కౌటిల్యుడు దాని నంగీకరింపలేదు. కూలి చేసిన పనికే గాని చేయని పనికి లేదనెను. కాని అంతటితో నాగక, కొంచెమైనను పని చేయించి, పిదప యజమాని తానే ఆపినచో మాత్రము మొత్తము చేసినట్లే యెంచవలెనని తీర్పు చెప్పెను. రెండువేల యేండ్లకు పూర్వపు ఈ వాదములో ఇరుపక్షములవారును కూలి యెంతయని గాక, ఖాళీదినము ఎవరిదని తర్కించిరి. దీనిని పాఠకులు జ్ఞాపకమునందుంచుకొందురుగాక.

ఇక మన ప్రాంతమునకు వత్తము. గుత్తపని కొకప్పుడు గొప్ప గౌరవముండెను. అందుకు సాక్ష్యములు మన చెరువులే. గుండ్లకమ్మకు కొండల నడుమ కట్టవేసి నిర్మించిన కంభము చెరువు విజయనగరరాజుల కాలపుది. గిద్దలూరునకు దక్షిణమున కడపసీమలో నున్న పోరుమామిళ్ళ చెరువు అంతకంటె పూర్వపుది. ఈ రెండింటిని 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారు ప్రపంచ వారసత్వ కట్టడములుగా గుర్తించిరి. పోరుమామిళ్ళ శాసనము శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటిది. ఆ చెరువునకు దినమునకు వేయిమంది పనివారును, రాయి తోలుటకు నూరు బండ్లును, రెండేండ్లు పనిచేసినట్లు అందు చెప్పబడినది. చెరువుకు తగిన నేల యెట్లుండవలెనో, కట్ట యెట్లు వేయవలెనో అందు శాస్త్రరీతిని వివరింపబడినది.

చెరువు కట్టినవారికిని, దానిని బాగుచేయువారికిని ఆనాడు దశబంధమను మాన్యమిచ్చు ఆచారముండెను. చెరువు క్రింద కొంత భూమినో, కొంత ఆదాయమునో అనుభవించుచు, కట్ట తెగకుండ, తూము పూడకుండ కాపాడుట దానికి షరతు. గుత్తపనికి ప్రతిఫలమిచ్చు పద్ధతులలో ఇంతకంటె దూరదృష్టి గలదానిని మేమెరుగము. కట్ట గట్టిగా నిలిచి పొలము పండినచో కట్టినవానికిని పండును. పని ముగిసిన మరుదినమున వాడు బిచ్చగాడు కాడు. ఖాళీదినమును చెరువే పోషించును. ఐతే ఈ మాన్యము పని చేయించిన పెద్దకు దక్కెను గాని, ఆ వేయిమందిలో మన్ను మోసిన ప్రతివానికిని దక్కలేదు. శాసనము వారి సంఖ్యను చెప్పినది; పేర్లను చెప్పలేదు.

మట్టిపని, రాతిపని మన దేశమున చిరకాలముగా వడ్డెరల వృత్తి. భార్య, భర్త, ఎదిగిన బిడ్డలు కలిసి యొక జట్టుగా పనిచేయుదురు. పనిముట్లు, గాడిదలు, బండ్లు వారివే. త్రవ్విన గుంతలో నక్కడక్కడ మట్టిదిమ్మలను త్రవ్వక విడిచి, వాని యెత్తునుబట్టి లోతును కొలిచి సొమ్ము తీసికొందురు. ఈ కొలతపద్ధతిలో నొక న్యాయము గలదు. కొలత కన్నుల కగపడును. దానిని పనివాడును యజమానియు కలిసి చూతురు. పనిముట్టు తనది, కొలత బహిరంగము, అప్పు లేదు: ఈ మూడును కుదిరినప్పుడు గుత్తపనివాడు నిజముగా స్వతంత్రుడు. ఒక యూరి రేటు నచ్చనిచో గుడిసె విప్పుకొని మరియొక యూరికి పోగలడు. నల్లమల కనుమలలో నంద్యాల గిద్దలూరుల నడుమ 1880వ దశకమున రైలుకట్ట వేసినప్పుడును ఇట్టి చేతులే కొండను తొలిచినవి.

కాని పోవుటకు మరియొక యూరు లేనప్పుడేమగును? దీనికి ఉత్తరము 1876-78 నాటి ధాతుకరవు చెప్పినది. ఆనాడు మార్కాపురము, కంభము తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. (ఇవి కర్నూలునుండి విడివడి ఒంగోలు జిల్లాలో చేరినది 1970లో, 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి.) వానలు లేవు, సేద్యము లేదు. ఊరూర యజమాని యొక్కడే మిగిలెను: సర్కారు. చెరువుకట్టలు, బాటలు, కాలువలు అను కరవుపనులలో లక్షలకొలది జనము చేరిరి. 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించుటకై మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యపు వెలకును, దానిపై కొద్దిపాటి చిల్లరకును దించెను. పగలెల్ల మన్ను మోయువానికి ఆ తిండి చాలదని మద్రాసు ప్రభుత్వపు పారిశుద్ధ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. తుదకు ఆ యేడు మే నెలలో మద్రాసు ప్రభుత్వము ఆ కూలిని విడిచిపెట్టి రేటును పెంచెను. ఈ నడుమ ఎందరి దేహములు ఎండిపోయెనో చెప్పనలవి కాదు. 1871 జనాభాలెక్కకును 1881 జనాభాలెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవవంతు తగ్గెను.

ఇందు మనము గ్రహింపవలసినది కూలి తక్కువైనదను సంగతి మాత్రమే కాదు. రేటును, కొలతను ఒక్కడే నిర్ణయించి, పనివానికి వేరు దారి లేనప్పుడు కూలియని పిలిచినను గుత్తయని పిలిచినను ఒక్కటే. ఒప్పందమను మాటకు అర్థముండవలెనన్నచో కాదనుటకు వీలుండవలెను.

కాదనుటకు వీలు లేకుండచేయు మార్గము కరవొక్కటే కాదు, బయానాయు నట్టిదే. పని మొదలుపెట్టకమునుపే మేస్త్రీ చేతిలో పెట్టు సొమ్ము ఇంటిలో పెండ్లికో, ఎద్దు కొనుటకో, వైద్యమునకో వెచ్చమగును. ఆ పిమ్మట వాడు గుత్తపనివాడు కాడు, అప్పుపడినవాడు. ఆంగ్లప్రభుత్వము 1859లో చేసిన 13వ చట్టము ఈ స్థితిని మరింత కఠినము చేసెను. బయానా తీసికొని పని చేయనివానిని మేజిస్ట్రేటు ఎదుట నిలువబెట్టి, పనికి మరలింపవచ్చును; వినకున్న చెరసాలకు పంపవచ్చును. మాట తప్పిన యజమానిపై మాత్రము పనివాడు సివిలు దావా వేసికొనవలసినదే. ఒకే ఒప్పందమున నొకవైపు సివిలు, వేరొకవైపు క్రిమినలు! ఈ చట్టమును రద్దుచేయు శాసనము 1925లో వచ్చెను. అప్పుపేర మనిషిని కట్టివేయు వెట్టిచాకిరిని నిషేధించు చట్టము రావలసినది 1976లో.

సముద్రము దాటిన తెలుగువారి కథయు నిట్టిదే. మద్రాసు రేవునుండి ఫిజీదీవుల చెరకుతోటలకు 1903 మొదలు పోయినవారిలో మన తెలుగుజిల్లాలవారు అనేకులు. వారు వ్రేలిముద్ర వేసిన యెగ్రిమెంటే వారి నోట గిరిమిట్ ఐనది. అందు అయిదేండ్ల గడువు గలదు. గంటల లెక్కనైనచో దినమునకు మగవానికి ఒక షిల్లింగు, ఆడుదానికి 9 పెన్నీలు. లేదా కొలతపని లెక్క. బలముగల మనిషి ఆరుగంటలు నిలకడగా చేయగల పని యొక కొలత యని వ్రాసిరి. చూచుటకు ఇది న్యాయముగానే యుండెను. కాని ఆ కొలతను గీయువాడు తోట ఓవర్సీరు. కొలత ముగియనిచో దినమంతయు శ్రమించినను కూలి దక్కకపోవుట అచ్చట తరచు జరిగినది. కాగితముపై రెండు పద్ధతులుండెను. ఎన్నుకొనువాడు పనివాడు కాడు. 1916 తరువాత ఓడలు పోవుట నిలిచెను. 1920 జనవరి 1న మిగిలిన గిరిమిట్‌లన్నియు రద్దయ్యెను.

ఇప్పుడు మన మార్కాపురపు పలక యొద్దకు వత్తము. నల్లమలకు తూర్పున కంభము చుట్టును భూమిలో పొరలు పొరలుగా నున్న నల్లని రాయికి భూగర్భశాస్త్రజ్ఞులు కంభపు పేరే పెట్టిరి. 1872లో విలియం కింగ్ కడప కర్నూలు శిలలనుగూర్చి వ్రాసిన గ్రంథము మొదలు నేటివరకు ఆ పేరు నిలిచియున్నది. ఈ రాయి గనిలోనుండి దిమ్మలుగా వచ్చును. దానిని ఉలితో పొరవెంట చీల్చి, కొలతకు కోసి, నునుపుచేసి, చెక్క చట్రము బిగింపగా పలక యగును. భారతదేశమున అనేక రాష్ట్రముల బిడ్డలు అక్షరములు దిద్దినది ఈ పలకలమీదనే. మేమును అట్లే నేర్చితిమి. మా విద్యార్థులు కొన్ని తరములవారు అట్లే నేర్చిరి.

ఈ పనిలో కొందరికి దినకూలి, పెక్కుమందికి లెక్క. ఇన్ని పలకలు చీల్చిన ఇంత, ఇన్నింటికి చట్రము వేసిన ఇంత. లెక్కపని ఇంటికి వచ్చినప్పుడు ఇల్లే కార్ఖానా యగును. తల్లి చేయుపనికి బిడ్డ చేయి తోడైనచో లెక్క పెరుగును గదా. దినకూలి ఇచ్చు యజమాని బలములేని పసివానిని పెట్టుకొనుటకు సంశయించును. లెక్కకు ఇచ్చువాడు ఎవరు చేసిరని అడుగడు. గుత్తలో మనము మెచ్చుకొన్న గుణమే, అనగా ఎవరు చేసినను యజమాని విచారింపకుండుటయే, ఇచ్చట పసిబిడ్డల పాలిటి శాపమయ్యెను. కేంద్రప్రభుత్వము 1988లో బాలకార్మికుల విముక్తికై ప్రత్యేకపథకమును మొదలుపెట్టినప్పుడు దేశమున మొదట నెన్నుకొన్న కొలది కేంద్రములలో మార్కాపురపు పలకల పరిశ్రమ యొకటి. 1996 డిసెంబరు 10న సుప్రీముకోర్టు బాలకార్మికులనుగూర్చి యిచ్చిన ప్రసిద్ధమైన తీర్పులో శివకాశి అగ్గిపెట్టెల సరసన మార్కాపురము పేరును చేరినది. ఒక బిడ్డ అక్షరము దిద్దుటకై వేరొక బిడ్డ అక్షరము లేక పలక చేయుట: ఉపాధ్యాయులమైన మాకు ఇంతకంటె సిగ్గుపడవలసిన సంగతి వేరొకటి లేదు. 2016 నాటి సవరణచే పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనిలోనైనను పెట్టుకొనుట నిషిద్ధమైనది. కాని ప్రమాదములేని కుటుంబవృత్తిలో బడివేళల తరువాత తోడ్పడుటకు వీలుంచిరి. ఇంటికి వచ్చు లెక్కపనికి ఆ సందు చాలును.

ఇక ధూళి. ఈ రాతిలో సిలికా గలదు. పొడిగా కోయునప్పుడు, రాచునప్పుడు లేచు సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో దిగి, వానిని క్రమముగా గట్టిపరచును. సిలికోసిస్ అను ఆ వ్యాధికి నివారణ కలదు గాని, వచ్చిన పిదప మరలించు మందు లేదు. నీరు చల్లుచు కోసినచో, గాలిని లాగు యంత్రములుంచినచో దుమ్ము చాలవరకు అణగును. కాని అవి ఖర్చుతో కూడినవి, వేగమును తగ్గించునవి. లెక్కకు పనిచేయువాడు తన వేగమును తానే తగ్గించుకొనునా? కొలతకు సొమ్మిచ్చు పద్ధతి మనిషిని తన ఊపిరికి తానే శత్రువుగా చేయును. 1923 నాటి పరిహారచట్టము క్రింద సిలికోసిస్ వృత్తివ్యాధులలో చేరినను, ఏండ్లు గడచిన పిమ్మట బయటపడు వ్యాధికి ఏ యజమాని బాధ్యుడని చూపగలము? లెక్కపనివానికి ఇంటింట యజమానులు మారుచుందురు, హాజరుపట్టీ యుండదు. మధ్యప్రదేశమున మందసౌరు బలపముల పరిశ్రమలో ఈ వ్యాధి ప్రబలగా, ఆ రాష్ట్రము 1980వ దశకమున బలపముల పనివారికై ప్రత్యేకముగా సంక్షేమనిధిని ఏర్పరచెను. ఆ నిధి భావము గొప్పది: యజమాని యెవరైనను పరిశ్రమయే బాధ్యత వహింపవలెను.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విద్యుత్తు వాడుచోట పదిమంది, వాడనిచోట ఇరువదిమంది పనివారున్న స్థలమునకే వర్తించెను. ఒకే పనిని అయిదారుమందిగా పాకలలోనికి, ఇండ్లలోనికి పంచినచో చట్టము గడప దాటదు. ఇప్పుడు ఆ సంఖ్యలు 20, 40గా పెరిగినవి. చిన్నపాకలోని మనిషికి చట్టము మునుపటికంటె దూరమైనది.

ఐనను న్యాయస్థానములు పేరును చూచి మోసపోలేదని చెప్పవలెను. సౌరాష్ట్రములో ధ్రాంగధ్రా ఉప్పుమడులలోని అగరియాలు ఉప్పు లెక్కన సొమ్ము తీసికొని, తోడుమనుషులను తామే పెట్టుకొనుచుండినను, వారు గుత్తదారులు కారు, పనివారే యని సుప్రీముకోర్టు 1956లో తీర్పు చెప్పెను. బీడీల సట్టేదార్లు స్వతంత్ర గుత్తదారులని 1958లో వేరొక కేసులో చెప్పెను. కావున రెండు విధములును గలవు. మన సికిందరాబాదులోని సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌసు కేసు మనకు మరింత దగ్గరది. అచ్చటి దర్జీలు కుట్టిన బట్టల లెక్కన సొమ్ము తీసికొనువారు. రాకపోకలకు కచ్చితమైన వేళలు లేవు. కొందరు గుడ్డను ఇంటికి తీసికొనిపోయి కుట్టువారు. వేరొక దుకాణపు పనియు చేయవచ్చును. ఐనను కుట్టుయంత్రములు దుకాణమువి. కుట్టు నచ్చనిచో త్రిప్పి పంపు అధికారము దుకాణముది. కావున వారు దుకాణపు ఉద్యోగులే యని 1973లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. పనిముట్టు ఎవరిది, మెప్పు ఎవరిది అను విచారమే యిది. వడ్డెర జట్టు తన గడ్డపార భుజముపై వేసికొని నడచినపుడు ఎరిగియున్న సత్యమునే న్యాయమూర్తులు గ్రంథస్థము చేసిరి.

ఖాళీదినమును గూర్చియు చట్టము మెల్లగా దారి పట్టెను. 1948 నాటి కనీసవేతనముల చట్టము, దినకూలివాడు యజమాని పని చూపలేకపోవుటచే తక్కువ గంటలు పనిచేసినను పూర్తిదినపు కూలికి అర్హుడనెను. వాడే పనికి ఇష్టపడనిచో అర్హుడు కాడనెను. వచ్చి నిలిచినవానికి కూలి చెందునన్న పూర్వాచార్యుల పక్షమునకును, కొంచెమైనను చేయించినచో మొత్తము చేసినట్లే యన్న కౌటిల్యుని తీర్పునకును ఇది దగ్గరగా నున్నది. లెక్కపనికి ప్రత్యేకపు రేటు లేనిచోట కాలమునుబట్టి నిర్ణయమైన కనీసకూలికి తగ్గరాదనియు ఆ చట్టమే చెప్పెను. 1953లో పారిశ్రామిక వివాదముల చట్టమును సవరించి, పెద్ద కార్ఖానాలలో ఏడాది పనిచేసినవానిని పనిలేక కూర్చుండబెట్టినచో సగము జీతమీయవలెననిరి. పూర్వాచార్యులు యజమానిపై వేసిన దినమును, కౌటిల్యుడు పనివానిపై వేసిన దినమును, ఈ సవరణ ఇరువురికిని చెరిసగము పంచినది. 2019 నాటి వేతనసంహిత, 2020 నాటి తక్కిన మూడు సంహితలు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి ఆ పాత చట్టముల స్థానమును తీసికొన్నను, ఈ మూడు సూత్రములును వానిలో నిలిచియున్నవి. పనివానికి నియామకపత్రము వ్రాసియీయవలెనన్న నియమమును చేరినది.

ఐతే ఈ రక్షణలు ఉద్యోగికి మాత్రమే. తానే గుత్తదారునని సంతకము చేసి, నిజముగా గుత్తదారుగానే పనిచేయువానికి మిగులునది 1872 నాటి కాంట్రాక్టు చట్టమొక్కటే. అందు వ్రాసికొన్నదే ధర్మము, వ్రాసికొననిది లేదు.

ఇప్పుడు మా విద్యార్థి లెక్కను చూతము. ఉద్యోగములో ఏడాదికి జీతము 6,00,000 రూపాయలు. మూలవేతనము నెలకు 25,000 అనుకొని, దానిపై యజమాని నూటికి 12 వంతున ప్రావిడెంటు ఫండులో వేసినచో ఏడాదికి 36,000. ఏడాదికి పదునైదుదినముల వంతున గ్రాట్యుటీ సుమారు 14,400. మొత్తము 6,50,400. కాంట్రాక్టులో పండ్రెండునెలలును పని దొరకినచో 7,80,000. రెండునెలలు ఖాళీ పోయినచో 6,50,000. అనగా రెండునెలల ఖాళీతో రెండు పద్ధతులును సమానమగుచున్నవి. నెలకు కానవచ్చు 15,000 రూపాయల యాధిక్యము లాభము కాదు. యజమాని తన తలపైనుండి దించి ఇతని తలపై పెట్టిన ఖాళీదినముల వెల. జ్వరము, సెలవు, ముసలితనము, కంపెనీ మారిన మనసు ఇవన్నియు ఆ 15,000లో ఇమిడియున్నవి.

కొన్నాళ్ళకు అతడు మరల వచ్చినపుడు ఈ లెక్కను వ్రాసి చూపితిమి. ఇది చేయుము, అది మానుమని మేము చెప్పలేదు. గుత్త నీచము కాదు; కంభము చెరువు కట్టిన వంటి చేతులకు అది గౌరవమే. అప్పు లేనివానికి, పనిముట్టు గలవానికి, నలుగురు యజమానులను వెదకుకొనగలవానికి అది జీతముకంటె మేలు కావచ్చును. కాని సంతకమునకు ముందు నాలుగు ప్రశ్నలడుగుమంటిమి. పని కొలత ఎవరు గీయుదురు, నచ్చలేదని ఎవరు, ఎన్నిమారులు త్రిప్పి పంపవచ్చును? పనిలేని దినము ఎవరిది? దేహమునకు కలుగు హాని ఎవరిది? కాదని లేచిపోవుటకు నీకు వీలున్నదా, లేక బయానా ముందే తిన్నావా? వీనిలో మూడింటికైనను ఉత్తరము తనకనుకూలముగా రానిచో రెట్టింపు సొమ్మిచ్చినను గుత్త మంచిది కాదు.

అతడు కౌటిల్యుని తీర్పునే షరతుగా వ్రాయుమని కంపెనీని కోరెను: పని మొదలైన పిమ్మట వారు తామే ఆపినచో రెండునెలల సొమ్ము ఈయవలెనని. వారు రెండు కాదు, ఒక్క నెలకు ఒప్పుకొనిరి. బిల్లు పంపిన ముప్పదిదినములలో చెల్లింపునకును, పనిని రెండుమారులకంటె నెక్కువ త్రిప్పి పంపకుండుటకును ఒప్పుకొనిరి. వైద్యబీమా తానే తీసికొని, ఆరునెలల వెచ్చమును వేరుగా దాచుకొందునని తండ్రికి మాటయిచ్చి అతడు కాంట్రాక్టుపై సంతకము చేసెను. అది మంచిదో కాదో కాలము చెప్పవలెను. ఐనను అతడు ఖాళీదినమును చూచి, దాని వెలకట్టి, సగము బేరమాడి పుచ్చుకొన్నాడు. అతని తండ్రికి పాకలో ఆ బేరమాడు అవకాశమెవ్వరును ఈయలేదు.

చదువుకొన్నవాడు తన షరతు తాను వ్రాసికొనగలడు. పలకలు చీల్చువారు, మిరపకోతకు గుంటూరుసీమకు పోవువారు, మేస్త్రీవెంట నగరములకు వలసపోవువారు ఎట్లు వ్రాసికొందురు? వారి తరఫున చట్టము వ్రాయవలెను. చట్టము వ్రాసినదానిని అధికారులు పాకవరకు తేవలెను. పరిశ్రమలు ఖాళీదినములకును, ఊపిరికిని ఉమ్మడినిధి పెట్టవలెను. మనము ఉపాధ్యాయులము మాత్రము ఒక పని చేయవచ్చును. బడి విడిచిపోవు ప్రతి బిడ్డకును లేఖ వ్రాయుట, వడ్డీ కట్టుట నేర్పినట్లే, ఒప్పందము చదువుటయు నేర్పుదము. చరిత్రపాఠమున చెరువు కట్టించిన రాజు పేరును చెప్పించిన పిదప, ఆ వేయిమందికి కూలి యెట్లిచ్చిరి, వాన కురిసి పని నిలిచిన దినము వారేమి తినిరి యని బిడ్డలనడుగుదము. ఈ ప్రశ్న నడుగ నేర్చినవాడు రేపు తన సంతకమును తొందరపడి వేయడని మా నమ్మకము.